మెకిన్లీ కొండల తోడేళ్లు: ఒక గ్రంథ విమర్శ

ది వుల్వ్స్ ఆఫ్ మౌంట్ మెకిన్లీ. రచయిత: అడాల్ఫ్ మ్యూరీ. అమెరికా నేషనల్ పార్క్ సర్వీసు వారి జంతుజాల గ్రంథమాలలో 5వ సంపుటం, 1944.

తోడేలు, గొర్రెపిల్ల కథను చదవని విద్యార్థి ఉండడు. ఏటి ఎగువన నిలిచిన తోడేలు, దిగువనున్న గొర్రెపిల్లపై నీళ్లు మురికి చేశావని నేరం మోపుతుంది. వాదం ఎట్లా నడిచినా తీర్పు మాత్రం ముందే నిర్ణయమై ఉంటుంది. ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో అమెరికాలో ఈ కథ తారుమారై నడిచింది. అక్కడ బోనులో నిలబడినది తోడేలు. తీర్పు అప్పుడు కూడా ముందే సిద్ధంగా ఉన్నది. ఆ తీర్పును ప్రక్కకు పెట్టి, సాక్ష్యం కొరకు కొండలెక్కిన ఒక ప్రభుత్వ జీవశాస్త్రజ్ఞుడు వ్రాసిన నివేదికయే ఈ గ్రంథం. జీవావరణ శాస్త్ర పాఠ్యగ్రంథాలలో దీని సారాంశం ఒకటి రెండు వాక్యాలుగా తరచు కనిపిస్తుంది. ఐతే ఆ సారాంశం చెప్పేదానికీ, గ్రంథం చెప్పేదానికీ కొంత తేడా ఉన్నది. ఆ తేడాలోనే దీని విలువ అంతా ఇమిడి ఉన్నది.

నేషనల్ పార్క్ సర్వీసు 1916లో ఏర్పడింది. ప్రకృతిని యథాతథంగా కాపాడటం దాని ఆశయం. అయినా ఆ శాఖ ఉద్యోగులే తొలి రోజులలో తోడేళ్లను, కొండ సింహాలను, కొయోటీలనే నక్కజాతి జంతువులను చంపుతూ వచ్చారు. జింకలూ గొర్రెలూ మంచివి, వాటిని తినేవి చెడ్డవి అన్న భావమే ఇందుకు కారణం. యెల్లోస్టోన్ పార్కులో 1926 నాటికి తోడేళ్లు తుడిచిపెట్టుకొని పోయాయి. అలాస్కాలో మెకిన్లీ పార్కును 1917లో నెలకొల్పినదే ముఖ్యంగా డాల్ గొర్రెలనే తెల్లని కొండగొర్రెల రక్షణకై. 1920ల చివరి నుండి 1932 వరకు వచ్చిన కఠినమైన శీతకాలాలలో ఆ గొర్రెలు పెద్దసంఖ్యలో నశించాయి. వేటగాండ్ర సంఘాలు తోడేలునే దోషిగా చూపి, దానిని నిర్మూలించవలసినదని పట్టుబట్టాయి.

ఆ శాఖలో శాస్త్రజ్ఞులకు చోటు దొరకడం కూడా అప్పటికి కొత్త విషయమే. జార్జి రైట్ అనే యువ ఉద్యోగి 1929లో తన సొంత డబ్బుతో పార్కులలోని జంతువుల సర్వేక్షణ ప్రారంభించాడు. అందుండి పుట్టిన వన్యప్రాణి విభాగంలో మ్యూరీ 1934లో చేరాడు. 1936లో రైట్ మోటారు ప్రమాదంలో మరణించాడు. మ్యూరీ మొదట యెల్లోస్టోన్‌లో కొయోటీలను పరిశోధించాడు. అయిదు వేలకు పైగా మలపు ముద్దలను విడదీసి పరీక్షించి, పెద్ద జంతువుల సంఖ్యను కొయోటీలు తగ్గించడం లేదని 1940లో ప్రకటించాడు. పై అధికారులలో అందరికీ ఈ మాట రుచించలేదు. అట్టి మనిషినే 1939లో అలాస్కాకు పంపారు. తోడేలుకూ గొర్రెకూ గల సంబంధమేమిటో తేల్చడం అతని పని.

మ్యూరీ పద్ధతి చాలా సామాన్యమైనది. విమానం లేదు, రేడియో పరికరం లేదు. దుర్భిణి, నోటు పుస్తకం, రెండు కాళ్లు మాత్రమే ఉన్నాయి. మొదటి సంవత్సరమే సుమారు 1,700 మైళ్లు నడిచాడు. 1940లో ఈస్ట్ ఫోర్క్ అనే నది వద్ద తోడేళ్ల గుహ నొకదానిని కనిపెట్టి, దూరంగా కూర్చుండి రాత్రింబవళ్లు కావలి కాచాడు. గుహలోకి ప్రాకి ఒక పిల్లను తెచ్చి పెంచాడు కూడా. తల్లిదండ్రులే కాక గుంపులోని ఇతర తోడేళ్లు సైతం పిల్లలకు ఆహారం మోసుకొని రావడం, తల్లి వేటకు పోయినప్పుడు మరొకటి పిల్లల వద్ద కాపలా ఉండటం ఆయన చూశాడు. వాటిలో తనకు అన్నిటికంటె బలంగా కనిపించిన గుణం పరస్పర స్నేహమని వ్రాశాడు. ప్రభుత్వ నివేదికలో ఇట్టి వాక్యం ఉండటం అరుదు. ఐనను ఇది కేవలం భావావేశం కాదు. ఏ తోడేలు ఏ గంటలో బయలుదేరినది, ఏ గంటలో తిరిగివచ్చినది వ్రాసిన పుటల తరువాతనే ఆ వాక్యం వస్తుంది.

గ్రంథానికి వెన్నెముక మాత్రం పుర్రెలు. కొండలలో తిరుగుతూ ఆయన 829 గొర్రె పుర్రెలను ఏరాడు. ఈ గొర్రె కొమ్ముపై ఏటేటా ఒక వలయం ఏర్పడుతుంది. వలయాలను లెక్కిస్తే చనిపోయిన నాటి వయసు తెలుస్తుంది. 1937కు ముందు మరణించిన గొర్రెల పుర్రెలు 608. వాటిలో ఏడాది నిండనివి 121. ఏడాది నుండి నాలుగేళ్ల లోపువి 22 మాత్రమే. నాలుగు నుండి ఎనిమిదేళ్ల లోపువి 117. ఎనిమిదేళ్లు, అంతకు పైబడినవి 348. అనగా చావు పసితనంలో ఒకసారి, ముసలితనంలో ఒకసారి విరుచుకుపడుతున్నది. నడుమ యౌవనాన్ని దాదాపు వదలిపెడుతున్నది. ఇటీవల మరణించిన 221 గొర్రెల పుర్రెలలో కూడా పిల్లలు, ముసలివి, రోగగ్రస్తమైనవే ఎక్కువ. కొన్నిటి దవడ ఎముకలలో వ్యాధి గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఎడ్వర్డ్ డీవీ అనే శాస్త్రజ్ఞుడు 1947లో ఈ 608 పుర్రెల నుండి ఒక జీవన పట్టిక తయారు చేశాడు. వన్యమృగాలకు సంబంధించి బాగా ప్రసిద్ధికెక్కిన పట్టికలలో అది ఒకటి.

ఇక్కడ విమర్శకు తావున్నది. మొదటిది: గొర్రెపిల్ల పుర్రె మెత్తనిది. తోడేలు దానిని నమిలి మింగగలదు. మిగిలినది వానకు, మంచుకు శిథిలమవుతుంది. కనుక 121 అన్న అంకె నిజానికంటె తక్కువ అయి ఉండాలి. ముసలి పొట్టేలు కొమ్ములు ఏండ్ల తరబడి నిలుస్తాయి గనుక లెక్క ముసలివాటి వైపు మొగ్గుతుంది. రెండవది: పాత పుర్రె తన వయసు చెప్పగలదు గాని తన హంతకుని పేరు చెప్పలేదు. ఆ 608లో ఎన్ని తోడేలు పాలైనవి, ఎన్ని లోతైన మంచులో ఆకలికి చచ్చినవి? తోడేలే లేని కొండమీద కూడా పిల్లలూ ముసలివే ఎక్కువగా చనిపోవచ్చును. కాబట్టి ఈ అంకెలు నిస్సందేహంగా నిరూపించేది ఒక్కటే: నడివయసు గొర్రెను తోడేలు సులభంగా పట్టలేకపోతున్నది. బలహీనులను చంపినది తోడేలేనని నిరూపించడానికి ఇటీవలి పుర్రెలు, మలపు ముద్దలు, కళ్లతో చూచిన వేటలు తోడుకావాలి. గ్రంథంలో అవి కలవు. కాని పుర్రెలంత విస్తారంగా లేవు.

మూడవది గ్రంథపు లోపం కాదు, దానిని చదివేవారి లోపం. “తోడేలు రోగిష్టి జంతువులనే తింటుంది, కనుక మందకు మేలే గాని కీడు లేదు” అన్నది ఈ గ్రంథానికి తరచు చెప్పే సారాంశం. మ్యూరీ అట్లా అనలేదు. పిల్లలను, ఏడాది వాటిని తోడేళ్లు పట్టడం వల్ల గొర్రెల సంఖ్య పెరగకుండా అదుపులో ఉంటున్నదని ఆయన స్పష్టంగానే అంగీకరించాడు. తోడేలు ముఖ్యాహారం కారిబూ అనే ఉత్తరదేశపు జింక అనీ, గొర్రె దాని తరువాతిదనీ చూపాడు. మొత్తం మీద గొర్రెలూ తోడేళ్లూ ఒక సమతౌల్యంలో ఉన్నట్లు కనిపిస్తున్నవనీ, పార్కులో తోడేళ్లను విరివిగా చంపడానికి ఆధారం లేదనీ తేల్చాడు. తోడేలును నిర్దోషిగా విడుదల చేయడం వేరు. శిక్షకు చాలినంత సాక్ష్యం లేదనడం వేరు. మ్యూరీ తీర్పు రెండవది.

ఈ భేదం ఎంత ముఖ్యమో 1945లో తేలింది. ఆ సంవత్సరపు లెక్కలో పార్కులో గొర్రెలు సుమారు 500 మాత్రమే మిగిలినట్లు కనబడింది. తోడేళ్లను అదుపు చేయాలని కోరే బిల్లు అమెరికన్ కాంగ్రెసు వరకు వెళ్లింది. అప్పుడు మ్యూరీయే ముందుజాగ్రత్తగా పది, పదిహేను తోడేళ్లను తొలగించవచ్చునని సలహా ఇచ్చాడు. ఒత్తిడికి లొంగి తన గ్రంథాన్నే తాను కాదన్నాడని దీనిని చూచి ఎవరైనా అనవచ్చును. గ్రంథాన్ని శ్రద్ధగా చదివితే ఆ నింద పూర్తిగా నిలవదు. గొర్రెల సంఖ్య అతి తక్కువైనప్పుడు తోడేలు తాకిడి ఎట్లా ఉంటుందో తన వద్దనున్న సాక్ష్యం చెప్పజాలదని ఆయనకు తెలుసు. ఐనను శాస్త్రజ్ఞుని సందేహం, ప్రభుత్వోద్యోగి జాగ్రత్త ఆ సలహాలో ఒకదానితో ఒకటి కలిసిపోయాయనడం అన్యాయం కాదు. ఎక్కడ మొదటిది ముగిసి రెండవది మొదలైనదో ఆయన విడదీసి చూపి ఉంటే బాగుండేది. పరిమితంగా సాగిన ఆ చంపడం 1950ల తొలి భాగంలో ఆగిపోయింది. గొర్రెలూ ఉన్నాయి, తోడేళ్లూ ఉన్నాయి. 1980 నుండి ఆ పార్కు పేరు దేనాలి.

మ్యూరీ వేసిన బాటలో తరువాతివారు చాలా దూరం నడిచారు. ఐల్ రాయల్ ద్వీపంలో డేవిడ్ మెక్ శీతకాలంలో విమానం నుండి తోడేళ్ల వేటను చూశాడు. మూస్ అనే పెద్ద దుప్పిజాతి జంతువులను 77 పర్యాయాలు తోడేళ్లు ఎదుర్కొనగా, చంపగలిగినవి 6 మాత్రమే. ఆ వివరాలు ఇదే గ్రంథమాలలో 7వ సంపుటంగా 1966లో వెలువడ్డాయి. తోడేలు ఎన్నిసార్లు విఫలమవుతుందో మ్యూరీ పుర్రెలు చెప్పలేకపోయాయి. ఆ లోటును ఈ లెక్క తీర్చింది. 1986 నుండి దేనాలిలో తోడేళ్ల మెడకు రేడియో పట్టీలు కట్టి అనుసరించారు. మంచు లోతుగా పడిన ఏడులలో కారిబూలు బలహీనపడి ఎక్కువగా చిక్కుతున్నట్లు తేలింది. అనగా ఈ కథలో పాత్రలు రెండు కావు, మూడు: గొర్రె, తోడేలు, మంచు. 1932 నాటి నష్టాన్ని గూర్చి వ్రాస్తూ మ్యూరీ మంచు వైపు వేలు చూపించే ఉన్నాడు.

గ్రంథంలో శైలి ఆడంబరం లేదు. కొన్ని ప్రకరణాలలో ఒకే రకమైన పరిశీలనలు వరుసగా పేర్చడం వల్ల చదవడం విసుగు కలిగించవచ్చును. ఆ పునరుక్తియే దాని బలం కూడా. పాఠకుడు రచయితను నమ్మవలసిన అవసరం లేదు. పుటలు తిరగవేసి లెక్క సరిచూసుకోవచ్చును. తనకు జీతమిచ్చే శాఖ అప్పటివరకు చేసిన పని తప్పని చెప్పవలసినప్పుడు ఉద్యోగికి ఇంతకంటె మంచి రక్షణ లేదు.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ గ్రంథం దూరదేశపు వింత కాదు. బ్రిటిషు పాలనలో ఈ దేశంలోనూ తోడేలుకు, రేచుకుక్కకు తలవెల కట్టారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాతనే చట్టం దృష్టి మారింది. ఐనను మందను పోగొట్టుకున్న గొర్రెల కాపరి దుఃఖం నిజమైనదే. దానిని చట్టమూ కాదనలేదు, పుస్తకమూ కాదనలేదు. తరగతిలో 121, 22, 117, 348 అన్న నాలుగు అంకెలను నల్లబల్లపై వ్రాసి, వీటి నుండి ఏమి చెప్పవచ్చునో మొదట అడగాలి. ఏమి చెప్పకూడదో పిమ్మట అడగాలి. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన విద్యార్థి మ్యూరీ గ్రంథంలోని సారాన్ని గ్రహించినట్లే.