పోయిన నీటికి కట్ట

ప్రియ చదువరీ, బొమ్మల కథల పుస్తకమును గూర్చి ఈ పుటలలో వ్రాయుట నీకు వింతగా తోచవచ్చును. ముఖమునకు ముసుగు వేసికొని గోడలు ప్రాకువాని కథలో పెద్దలు నేర్చుకొనదగినది ఏమున్నదని నీవు అడుగవచ్చును. మన బాన్సువాడలో పిల్లవాడు సెల్‌ఫోను చేతపట్టుకొని అట్టి బొమ్మలు చూచుచుండగా, "చదువు మాని ఆ సాలెపురుగు బొమ్మలేమిటిరా?" అని తల్లి గద్దించును. ఆమె గద్దింపు న్యాయమైనదే. అయినను ఆ కథ అడుగు ప్రశ్న పిల్లల ప్రశ్న కాదు. నడివయస్సు దాటినవాడు నిద్ర పట్టని రాత్రి తన్ను తాను అడుగుకొను ప్రశ్న అది: ఆ దినమున నేను వేరొక విధముగా చేసియుండినయెడల ఏమగునో?

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట అని మన పెద్దలు చెప్పిరి. చేతులు కాలినవాడు ఇక ఏమి చేయవలెనో ఆ సామెత చెప్పదు. స్పైడర్‌మాన్ కథ చెప్పుటకు ప్రయత్నించినది. ఎంతవరకు చెప్పగలిగెను, ఎచ్చట తడబడెను అనునది కొంచెము విచారింతము.

ఈ కథ మొదట 1962 ఆగస్టు తేదీతో అమెరికాలో వెలువడిన 'అమేజింగ్ ఫాంటసీ' అను పత్రిక 15వ సంచికలో వచ్చెను. వ్రాసినవాడు స్టాన్ లీ. బొమ్మలు వేసినవాడు స్టీవ్ డిట్కో. కథ మొత్తము 11 పుటలు మాత్రమే. పీటర్ పార్కర్ తలిదండ్రులు లేని బాలుడు. పెదనాన్న బెన్, ఆయన భార్య మే అతనిని కన్నబిడ్డవలె పెంచిరి. చదువులో చురుకైనవాడు, తోటివారి ఎగతాళికి గురియైనవాడు. ఒకనాడు రేడియోధార్మిక కిరణములు సోకిన సాలెపురుగు కుట్టుటచేత అతనికి అసాధారణమైన బలము కలిగెను. ఆ బలముతో కుస్తీలో డబ్బు గెలిచెను, టెలివిజనులో పేరు తెచ్చుకొనెను. ఇకమీదట తన సంగతి తాను చూచుకొనిన చాలుననుకొనెను. అట్టి సమయమున ఒక దొంగ అతని యెదుటినుండి పరుగెత్తెను. వెంబడించు కావలివాడు ఆపుమని కేక వేసెను. పీటర్ కదలలేదు. అది తన పని కాదనుకొనెను.

కొన్ని దినములకు ఇంటికి వచ్చుసరికి పెదనాన్న హత్య చేయబడియుండెను. హంతకుని వెదకి పట్టుకొని ముఖము చూడగా, తాను విడిచిపెట్టిన దొంగ వాడే.

ఈ కథను మెచ్చుకొనువారు దాని ముగింపు వాక్యమును మెచ్చుకొందురు. బలముతో బాధ్యత కూడ వచ్చునని దాని భావము. మొదటి కథలో ఆ మాట పెదనాన్న నోట రాలేదు. చివరి గడిలో కథకుడే చెప్పెను. తరువాతి కాలములోనే దానిని పెదనాన్న నోట పెట్టిరి. మాట మంచిదే. కాని ఆ తప్పు ఎంత చిన్నదిగా కనబడునో గమనింపుము. కథలోని గొప్పతనము నాకు అక్కడ కనబడుచున్నది. అతడు దొంగతనము చేయలేదు, ఎవరిని కొట్టలేదు, అబద్ధమాడలేదు. ఊరక నిలిచియుండెను. ఏ న్యాయస్థానమును అతనిని శిక్షింపజాలదు. చేసినవాటిని గూర్చి పశ్చాత్తాపపడు కథలు మనకు అనేకములు కలవు. చేయక విడిచినదానిని గూర్చి చెప్పు కథలు అరుదు. మన జీవితములో మిక్కిలి బాధించునవి తరచుగా ఈ రెండవజాతివే. వెళ్ళి చూడని రోగి, వ్రాయని ఉత్తరము, వచ్చినవానికి తెరువని తలుపు.

అయితే ఈ మొదటి కథలో ఒక లోపము కలదు. దొంగ వేరొక వీధిలో వేరొకని చంపియుండినయెడల పీటర్‌కు ఏమియు తెలిసియుండదు. అతడు హాయిగా నిద్రించును, మరుసటి దినము టెలివిజనులో గంతులు వేయును. అప్పుడు అతని తప్పు తగ్గునా? కథ ఈ ప్రశ్నను అడుగలేదు. తప్పునకు తగిన దెబ్బ తప్పుచేసినవాని ఇంటనే తగులునని లెక్క కుదిర్చినది. లోకములో లెక్కలు అట్లు కుదురుట లేదు.

మన సంగతియే చూడుము. రాత్రివేళ రోడ్డు ప్రక్కన పడియున్నవానిని చూచి, "మనకెందుకు?" అని బండి ముందుకు పోనిచ్చినవాడు మరునాడు ఆ మనుష్యుడు బ్రదికెనని వినినచో ఊపిరి పీల్చుకొనును, చనిపోయెనని వినినచో అన్నము ముట్టడు. అతడు చేసినది రెండు పక్షములలోను ఒకటే. ఫలితమునుబట్టి మన మనస్సాక్షిని కొలుచుకొనుట మనకు అలవాటైపోయినది. ఫలితము మంచిదైతే తప్పును మరతుము. చెడ్డదైతే తప్పుకు మించిన శిక్షను మనకు మనమే వేసికొందుము. రెండును సరియైన కొలతలు కావు.

ఈ లోపమును దిద్దినది మన దేశపు బొమ్మల కథయే. 2004లో 'స్పైడర్‌మాన్ ఇండియా' అను పేరుతో నాలుగు సంచికల కథ వెలువడినది. శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ అనువారు దీనిని రూపొందించిరి. ఇందులోని బాలుని పేరు పవిత్ర్ ప్రభాకర్. పల్లెటూరినుండి విద్యార్థివేతనము పొంది ముంబయికి చదువుకొనవచ్చినవాడు. అతనిని పెంచువారు భీమ్, మాయ అను దంపతులు. పట్టణపు పిల్లలు అతని పల్లెటూరి వాలకమును, పేదరికమును చూచి నవ్వుదురు. మన పిట్లము, బీర్కూరు ప్రక్కలనుండి హైదరాబాదు హాస్టళ్లకు పోయిన పిల్లలకు ఆ నవ్వు కొత్తది కాదు. ఇతడు ధోవతి కట్టిన స్పైడర్‌మాన్. 2023లో తెలుగులోను విడుదలయైన సినిమాలో మన పిల్లలు ఇతనిని చూచియున్నారు.

ఒక యోగివలన శక్తి పొందిన పవిత్ర్, దుండగులు ఒక స్త్రీని చుట్టుముట్టగా చూచియు సహాయము చేయక వెళ్ళిపోయెను. తరువాత తెలిసినదేమనగా, ఆ స్త్రీని విడిపింప ముందుకు వచ్చిన భీమ్‌ను వారు కత్తితో పొడిచి చంపిరి.

చదువరీ, ఈ మార్పు చిన్నది కాదు. అమెరికా కథలో పెదనాన్న ఎట్లు చనిపోయినను కథకు చాలును. ఆయన మరణము పీటర్‌కు తగిలిన దెబ్బ మాత్రమే. ఇచ్చట భీమ్ తన యిష్టముతో నడచి వెళ్ళెను. బలము గల యువకుడు ఖాళీగా విడిచిన స్థలములో బలములేని పెద్దవాడు నిలువబడెను. మనము తప్పించుకొనిన భారము గాలిలో కలిసిపోదు. దానిని ఎవరో ఒకరు మోయుదురు. తరచుగా మనకంటె బలహీనుడే మోయును. అన్న విడిచిన తండ్రి అప్పును చెల్లెలు తన చదువు మాని తీర్చుట మనమెరుగనిదా? తప్పును ఫలితముచేత గాక, మనము విడిచిన స్థలముచేత కొలువవలెనని ఈ కథ నేర్పుచున్నది. నాలుగు సంచికల చిన్న కథయైనను ఈ ఒక్క విషయములో అది మూలమునకంటె మేలైనదని నా అభిప్రాయము.

సరే, తప్పు తెలిసినది. వెనుకకు పోయి దిద్దగలమా? ఆ కోరికను గూర్చి మరియొక బొమ్మల కథ కలదు. 2011లో జెఫ్ జాన్స్ వ్రాయగా ఆండీ క్యూబర్ట్ బొమ్మలు వేసిన 'ఫ్లాష్‌పాయింట్' అది. మెరుపువలె పరుగెత్తగల బారీ ఆలెన్, హత్య చేయబడిన తల్లిని బ్రదికించుకొనుటకు గతకాలములోనికి పరుగెత్తెను. తల్లి బ్రదికెను, కాని లోకము తలక్రిందులై ఘోరయుద్ధములో పడెను. చివరకు తల్లియొద్ద సెలవు తీసికొని, తన్ను తానే అడ్డగించుటకు మరల పరుగెత్తవలసివచ్చెను. కథ కల్పనయే, కాని అందులోని దుఃఖము కల్పన కాదు. పోయినదానిని తిరిగి తెచ్చుకొను ఆలోచనలోనే బ్రదుకువాడు చేతనున్నదానిని కూడ పాడుచేసికొనును.

గతజల సేతుబంధనము అని మనవారు అందురు. పోయిన నీటికి కట్ట కట్టుట వ్యర్థమని దాని అర్థము. బాన్సువాడవారికి ఆ మాట మరియొక రీతిగా వినబడవలెను. మంజీర నీరు ఎన్ని వందల ఏండ్లు మన పొలముల ప్రక్కగా పారి గోదావరిలో కలిసెనో ఎవరు లెక్కింపగలరు? 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు కట్ట, అంతకు ముందు పోయిన నీటిలో ఒక్క చుక్కను కూడ వెనుకకు తేలేదు. అది రాబోవు వానకొరకు కట్టబడెను. అయినను పోయిన నీటిని చూచినవారే కట్ట అవసరమని గ్రహించిరి కదా! జరిగిన తప్పు వలన కలుగు మేలు ఏదైన యున్నయెడల అది ఇదియే. నీరు ఎక్కడ జారిపోయెనో అది చూపును.

స్పైడర్‌మాన్ కథ మనకు ఇచ్చునది ఇంతవరకు మేలైనది. పీటర్ కాలమును వెనుకకు త్రిప్పలేదు. తరువాత కేక వినబడినప్పుడు పరుగెత్తెను. అది అతడు కట్టిన కట్ట.

అయితే కట్ట వెనుక నీరు నిలిచినట్లు ఒండ్రు కూడ చేరును. నిజాంసాగరు లోతు ఒండ్రు మేటచేత ఎంత తగ్గినదో మన రైతులకు తెలియును. మనస్సులో చెప్పక దాచిన నేరభావన అట్టిదే. పీటర్ ఎందరిని రక్షించినను అతని అప్పు తీరలేదు. తీరినచో పత్రిక ఆగిపోవును గదా. నెలనెలా అమ్ముడుపోవలసిన కథలో వీరునికి క్షమాపణ దొరకుట వ్యాపారమునకు నష్టము. అందుచేత అతడు అప్పులవానివలె పరుగెత్తుచునే యున్నాడు. దీనిని ధర్మమని మన పిల్లలు అనుకొనకుండ చూడవలెను.

ఈ విషయమున 2002లో వచ్చిన ఒక సంచిక నన్ను కదలించినది. వ్రాసినవాడు జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ. అందులో యుద్ధము లేదు. ముసలిదైన మే, పీటర్ కూర్చుండి మాటలాడుకొందురు, అంతే. పెదనాన్న మరణమునకు తానే కారణమని, దొంగను విడిచిపెట్టితినని పీటర్ ఆమెతో చెప్పును. అప్పుడామె తన సంగతి చెప్పును. ఆ రాత్రి భర్తతో తనకు మాట పట్టింపు వచ్చెననియు, ఆయన ఇల్లు విడిచి బయటికి వెళ్ళెననియు, అందుచేత తప్పు తనదేయని ఇన్నాళ్లు అనుకొంటిననియు చెప్పును. ప్రచురణ లెక్కను 40 ఏండ్లు! ఒక్క మరణమును గూర్చి ఒక్క యింటిలో ఇద్దరు, ఎవరికివారే నేరస్థులమనుకొని, ఒకరికొకరు చెప్పక అన్నము తినిరి.

ఇది అమెరికా కథయేనా? మన ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయినవారు అనేకులు. కొడుకు అక్కడ ఉండగా తల్లి కన్నుమూసిన ఇంటిని ఊహింపుము. సెలవు అడిగి ముందే రాకపోతినని కొడుకు లోలోపల క్రుంగును. జబ్బు సంగతి వానికి చెప్పవద్దంటినని తండ్రి క్రుంగును. ఇల్లు కట్టవలెనని పట్టుబట్టి పంపితినని భార్య క్రుంగును. ముగ్గురును ఒకే కంచుకము క్రింద మూడు చీకట్లలో కూర్చున్నట్లున్నది. ఎవరైన ఒకరు నోరు తెరచినయెడల, తాము మోయుచున్నది తమ వంతుకంటె ఎంతో ఎక్కువయని ముగ్గురికిని తెలియును.

పీటర్ అనగా మన పేతురే. ఆ పేరు గల మొదటివాడును ఒక రాత్రి, నిప్పుల యొద్ద చలి కాచుకొనుచు, ఎరుగనని పలికి వెలుపలికి పోయి యేడ్చెను. తరువాత సముద్రతీరమున మరియొక నిప్పుల యొద్ద ప్రభువు అతనిని మూడుమారులు అడిగినది ఆ రాత్రిని గూర్చి కాదు, ప్రేమను గూర్చి. అటుపిమ్మట పని అప్పగించెను. బొమ్మల కథలోని పీటర్ అప్పు తీర్చుటకు పనిచేయుచున్నాడు. పేతురు క్షమింపబడినవాడై పనిచేసెను. చేతిపని రెండింటను ఒకటే కావచ్చును. మొదటివానికి రాత్రి నిద్ర లేదు.

కనుక, చదువరీ, నీ పిల్లవాడు ఈ కథ చూచుచున్నయెడల ఒక్క గడియ వాని ప్రక్కన కూర్చుండుము. దొంగ పరుగెత్తునప్పుడు వాడు ఎందుకు కదలలేదని అడుగుము. భీమ్ ఎందుకు వెళ్ళెనని అడుగుము. వాడు చెప్పు జవాబు నీకు పనికివచ్చును. ఆ తరువాత నీ యింటిలో, ఎన్నో ఏండ్లుగా నీవు దాచిన మాట వినవలసినవారు ఎవరైన ఉన్నారేమో చూడుము. వారును నీకు చెప్పవలసిన మాట దాచుకొని యుండవచ్చును.