సర్పంచి - పదము, పదవి

గ్రామాధికారి మన సాహిత్యమునకు క్రొత్తవాడు కాడు. సుమతీ శతకకర్త కరణమును గూర్చి పెక్కు పద్యములు చెప్పెను. వానిలో హెచ్చరికయే హెచ్చు. వంశక్రమముగా వచ్చినవానిని ఊరు తొలగింపజాలదు గదా! ఆ కరణము, మునసబు పదవులు ఆంధ్రప్రదేశమున 1984లో రద్దయినవి.

ఎన్నికైన నాయకుని సంగతి వేఱు. అతనికి తెలుగు తనదైన పేరు పెట్టుకొనలేదు. పారసీకమున 'సర్' అనగా తల. పంచులకు తలయైనవాడు సర్పంచి. ఈ మాట తెలంగాణమున నిలిచెను. మద్రాసు చట్టము క్రిందనుండిన జిల్లాలలో 'ప్రెసిడెంటు' నాటుకొనెను. 1964 నాటి చట్టము రెండు ప్రాంతములకును సర్పంచి పదమునే నిర్ణయించినను, కోస్తా పల్లెలలో 'ప్రెసిడెంటుగారు' అను పిలుపు పోలేదు.

ఎరవు మాటలైన నేమి నష్టమని కొందఱందురు. ఎరవు దోషమని నేనును అనను. ఆ మాటలలో మనము పాత 'పెద్ద'నే కూర్చుండబెట్టితిమి. అదియే నా యభ్యంతరము. పెద్దను లెక్క యడుగుట మర్యాద కాదని ఊరి తలంపు. సర్పంచియో, గ్రామసభ యెదుట జమాఖర్చులు పెట్టక తీఱదు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము స్త్రీలకు మూడవవంతుకు తక్కువ కాకుండ స్థానములు కేటాయించెను. సర్పంచి యను పదమునకు తెలుగున లింగభేదము లేదు. అయినను స్త్రీ గెలిచిన పలు గ్రామములలో 'సర్పంచిగారూ' యని పిలిచినచో ఆమె మగడు పలుకుచున్నాడు. కాగితములపై సంతకము మాత్రము ఆమె చేయుచున్నది. నిఘంటుకారుడు ఈ వాడుకను ఏ యర్థము క్రింద వ్రాయవలెను?