అనుమానం వస్తే ఆగిపోయే పనితనం

ఫైలు కాపీ చెయ్యడం ఏ చవట సాఫ్ట్‌వేరుకైనా చేతనవుతుంది. అమ్మ ఫోన్లో తీసిన ఫొటోలు, నాన్నగారి ల్యాప్‌టాప్‌లో ఉన్న పొలం కాగితాలు, డల్లాస్‌లో అన్నయ్య దిద్దుతున్న వంశవృక్షం, ఇవన్నీ విజయవాడ ఇంట్లో రౌటర్ పక్కన కూర్చున్న నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజీ) పెట్టెలో ఎప్పటికప్పుడు తాజాగా ఉండాలి. ఆ హడావుడిలో ఏ ఒక్కరి పనీ చెరిగిపోకూడదు. విద్యంతా ఆ రెండో షరతులోనే ఉంది. గబగబా రాసిపడేసే సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలో తెలిసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో నాకు తలమానికం సింక్‌థింగ్. పక్షపాతమా అంటే పక్షపాతమే, దాచుకోను.

అయితే ముందు ఆండ్రూ ట్రిడ్జెల్‌కి నమస్కారం పెట్టకుండా ఈ విద్య గురించి మాట్లాడకూడదు. ఆస్ట్రేలియా వాడు. 1996లో పాల్ మెకెరస్‌తో కలిసి ఆర్‌సింక్‌ని లోకానికిచ్చాడు. 1999లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంతవ్యాసంలోనూ దీని సంగతే సగం.

ఆయన పట్టుకున్న చిక్కు ఇది. పాత ప్రతి ఒక ఊళ్ళో, కొత్త ప్రతి ఇంకో ఊళ్ళో, మధ్యలో నత్తనడక లైను. ఏం మారిందో తెలియాలంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పక్కపక్కన పెట్టాలంటే ఫైలు మొత్తం పంపాలి. మొత్తం పంపేటట్టయితే ఇంక పోల్చడం దేనికి? పోనీ ముక్కలు చేసి పోలుద్దామా అంటే, రెండొందల పేజీల రాతలో మొట్టమొదట ఒక్క అక్షరం చేరిస్తే చాలు, తర్వాతదంతా పక్కకి జరిగిపోయి ఏ ముక్కా పాత ముక్కతో కలవదు. ట్రిడ్జెల్ ఏం చేశాడంటే, పాత ప్రతి ఉన్న మెషీను దాన్ని సమానమైన ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ రెండు గుర్తులు కట్టి పంపుతుంది. ఒకటి చవక గుర్తు, రెండోది గట్టి గుర్తు. కొత్త ప్రతి ఉన్న మెషీను అదే కొలత గల కిటికీని ఫైలు మీద ఒక్కో బైటు చొప్పున జరుపుకుంటూ పోతుంది. జరిగినప్పుడల్లా చవక గుర్తును మొదట్నించీ లెక్కగట్టక్కర్లేదు. వెనక వదిలేసిన బైటును తీసెయ్యి, ముందు చేరిన బైటును కలుపు, అంతే. చవక గుర్తు కలిసిన చోట మాత్రమే గట్టి గుర్తుతో సరిచూస్తుంది. అదీ కలిస్తే "ఇది నీ దగ్గరున్న ఫలానా ముక్కే" అని ఒక్క మాట, కలవకపోతే అసలు బైట్లు. జరిగిపోయిన ముక్క ఎక్కడ నక్కినా దొరికిపోతుంది. కూడికలు, తీసివేతలతో ఇంత పని సాధించడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఆయన ఘనకార్యాలు అక్కడితో ఆగవు. మీ నాస్ విండోస్ కంప్యూటర్లో మామూలు డ్రైవులా కనిపిస్తోందంటే అది చాలావరకు సాంబా పుణ్యం. సాంబా మొదలుపెట్టిందీ ట్రిడ్జెలే. తీగ మీద పోయే ప్యాకెట్లను చూసి చూసి కంప్యూటర్లు మాట్లాడుకునే తీరు పట్టేశాడు. 2005లో లైనక్స్ వాళ్ళు కోడ్ మార్పుల పద్దుకి వాడుతున్న బిట్‌కీపర్ సర్వర్‌తో ఎలా మాట్లాడాలో కనిపెట్టే పనిలో పడ్డాడు. ఆ గొడవలో లైనక్స్ వాళ్ళకి బిట్‌కీపర్ ఉచిత వాడకం పోయింది, లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని గిట్ రాసుకున్నాడు. అంత రహస్యం ఎలా ఛేదించావయ్యా అంటే, సభలో అందరి ముందూ సర్వర్‌కి కనెక్టయి 'హెల్ప్' అని కొట్టి చూపించాడు ట్రిడ్జెల్. సర్వరే తన ఆదేశాల చిట్టా అప్పజెప్పింది! సింక్ గురించి రాస్తూ గిట్ దాకా ఎందుకు పోయానంటే, ఈయన పేరెత్తితే నాకు ఆపడం కష్టం.

ఆర్‌సింక్‌ది ఒకవైపు దారి. రెండు వైపులా దిద్దుబాట్లు జరిగితే ఎవరిది కొత్తది? గడియారం చూసి చెప్పొచ్చనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఫోన్ గడియారం, నాస్ గడియారం ఒక్క మాట మీదుంటాయన్న భరోసా లేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బెంజమిన్ పియర్స్ బృందం చేసిన యూనిసన్ ఇక్కడ పెద్దమనిషి తరహా చూపించింది. కిందటిసారి రెండు వైపులా ఎలా ఉన్నాయో రాసిపెట్టుకుంటుంది. రెండూ మారి ఉంటే తనంతట తాను తేల్చదు, మనల్ని అడుగుతుంది.

సింక్‌థింగ్ ఇంకో మెట్టెక్కింది. 1983లో యూసీఎల్‌ఏ పరిశోధకులు ప్రచురించిన వెర్షన్ వెక్టర్ పద్ధతి దీనికి ఆధారం. ప్రతి ఫైలుకీ ఒక చిన్న పద్దు, అందులో ఒక్కో పరికరానికి ఒక్కో అంకె. ఎవరు మారిస్తే వాళ్ళ అంకె పెరుగుతుంది. అసలు అంకెలు పెద్దవే గానీ చిన్నవాటితో చెప్తాను. అన్నయ్య దగ్గరి పద్దులో డల్లాస్ 3, విజయవాడ 2 అని ఉంది. ఇంట్లో నాస్‌లో డల్లాస్ 2, విజయవాడ 2. అన్నయ్యదే కొత్తది, వాదన లేదు. నాస్‌లో డల్లాస్ 2, విజయవాడ 3 ఉంటేనో? ఒకరి దిద్దుబాటు ఒకరు చూడకుండా ఇద్దరూ దిద్దారన్నమాట. అప్పుడు తర్వాత దిద్దినది అసలు పేరుతో ఉంటుంది. ముందు దిద్దినదాని పేరులో 'సింక్ కాన్‌ఫ్లిక్ట్' అన్న మాట, తేదీ, సమయం, మార్చిన పరికరం గుర్తు చేరతాయి, అదీ ఆ పక్కనే ఉంటుంది. ఒకరు చెరిపి, ఇంకొకరు దిద్దితే? 2025లో 2.0 వచ్చేదాకా దిద్దినదే నిలిచేది. ఇప్పుడు చెరపడం గెలిచినా, దిద్దినది కాన్‌ఫ్లిక్ట్ ప్రతిగా పక్కన ఉంటుంది. మనిషి పడ్డ శ్రమ వైపు మొగ్గు చూపే సాఫ్ట్‌వేర్ ఎన్ని చూశారు మీరు?

దీన్ని మొదలుపెట్టినవాడు యాకోబ్ బోర్గ్, స్వీడన్ వాడు. 2013 చివర్లో బయటికొచ్చింది. అదే ఏడాది వచ్చిన బిట్‌టొరెంట్ సింక్ కోడ్ దాచుకుని పేరు మార్చుకుని వ్యాపారంలోకి వెళ్ళిపోయింది. దాని గురించి నేను మాట్లాడను.

ఇక పెట్టెలోకి ఎక్కించే పని. సినాలజీ నాస్ ఉన్నవాళ్ళకి రెండు దారులున్నాయి. సినోకమ్యూనిటీ ఔత్సాహికులు తయారుచేసే ప్యాకేజీని వాళ్ళ సోర్సు చేర్చుకుని ప్యాకేజ్ సెంటర్ నుంచి వేసుకోవచ్చు, లేదా కంటైనర్ మేనేజర్‌లో కంటైనర్‌గా నడపొచ్చు. మొదటి దారిలో నూటికి తొంభై మంది బోల్తాపడేది ఒక్కచోటే. సినాలజీ ఆపరేటింగ్ సిస్టమ్ డీఎస్‌ఎం 7 నుంచి ఇలాంటి ప్యాకేజీ తన సొంత యూజర్ పేరు మీద నడుస్తుంది. షేర్డ్ ఫోల్డర్ పర్మిషన్లలో 'సిస్టమ్ ఇంటర్నల్ యూజర్' అన్న జాబితాకి మారితే తప్ప ఆ యూజర్ కనపడడు. అక్కడ చదివే, రాసే హక్కు రెండూ ఇవ్వాలి. ఇవ్వకుండా సింక్‌థింగ్‌ని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

తర్వాత బ్రౌజర్లో నాస్ అడ్రసు, 8384 పోర్టు కొడితే దాని పేజీ తెరుచుకుంటుంది. ముందు పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పోర్టును రౌటర్లో బయటి ప్రపంచానికి తెరవకండి, అవసరమూ లేదు. పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ఐడీతో: 56 అక్షరాలు, ఏడేసి చొప్పున ఎనిమిది గుత్తులు. పరికరం సర్టిఫికెట్ నుంచి లెక్కగట్టిన అక్షరాలు 52, మిగతా 4 కేవలం సరిచూడటానికి. చేత్తో కొడుతూ ఒక అక్షరం తప్పితే అక్కడికక్కడే పట్టేస్తుంది. ఇంకా ముచ్చటేమిటంటే, 'ఓ' బదులు సున్నా, 'ఐ' బదులు ఒకటి కొట్టారనుకోండి, తనే సర్దుకుంటుంది. ఎవరో ఒక ప్రోగ్రామర్ మన కళ్ళజోడు గురించి కూడా ఆలోచించాడు. రెండు వైపులా ఒప్పుకుంటే తప్ప జోడీ కుదరదు. మధ్యలో కంపెనీ లేదు, అకౌంటు లేదు, నెల అద్దె లేదు. మన ఊళ్ళలో చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు కాబట్టి డల్లాస్ నుంచి నేరుగా తగలకపోవచ్చు. అప్పుడు స్వచ్ఛందంగా నడిపే రిలే సర్వర్ల మీదుగా పోతుంది. నెమ్మదే గానీ, రిలేవాడికి లోపల ఏముందో చదవడం కుదరదు.

అమ్మ ఫోన్లో ఫోల్డర్‌ని 'సెండ్ ఓన్లీ' పెట్టి, నాస్‌లో 'రిసీవ్ ఓన్లీ' పెట్టి, నాస్ వైపు వెర్షనింగ్ తప్పకుండా వెయ్యండి. ఫోన్లో ఫొటో చెరిపితే నాస్‌లోనూ చెరుగుతుంది, సింక్ అంటేనే అది. వెర్షనింగ్ ఉంటే చెరిగినది పక్కన భద్రంగా ఉంటుంది. 'స్టాగర్డ్' రకమైతే మొదటి గంటలో ముప్ఫై సెకన్లకొకటి, మొదటి రోజు గంటకొకటి, నెల దాకా రోజుకొకటి, ఆపైన వారానికొకటి చొప్పున పాత ప్రతులు ఉంచుతుంది. అవతలి పరికరం నుంచి వచ్చిన మార్పులకే ఇది వర్తిస్తుంది. నాస్‌లో మీరే చెరుపుకుంటే దానికి సంబంధం లేదు. ఇదంతా ఉన్నా వేరే డిస్కు మీద బ్యాకప్ వేరే ఉండాలి. డిస్కులంటారా, వివరాల్లో సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కకుండా రాసే రకం) అని ఉన్నవే కొనండి. ఎస్‌ఎంఆర్ (ట్రాకులు ఎక్కించి రాసే రకం) డిస్కుల్ని చెప్పకుండా నాస్ డిస్కులుగా అమ్మారని 2020లో వెస్టర్న్ డిజిటల్ మీద రేగిన రగడ గుర్తుంది కదా.

నన్ను పూర్తిగా దాసోహం చేసుకున్నది మాత్రం ఒక చిన్న ఫోల్డర్. సింక్‌థింగ్ తాను చూసుకునే ప్రతి ఫోల్డర్లోనూ 'డాట్ ఎస్‌టీఫోల్డర్' అనే గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చింది, నాస్ లేచింది, వెనక తగిలించిన యూఎస్‌బీ డిస్కు మాత్రం లేవలేదు అనుకోండి. డిస్కు ఉండాల్సిన చోట ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. బుద్ధిలేని సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుంది? యజమాని అన్నీ చెరిపేశాడనుకుని, అన్ని ఫోన్లలో, అన్ని ల్యాప్‌టాప్‌లలో శ్రద్ధగా చెరిపేస్తుంది. సింక్‌థింగ్ తన గుర్తు కోసం చూస్తుంది. అది లేదు. ఎర్ర అక్షరాల్లో 'ఫోల్డర్ మార్కర్ మిస్సింగ్' అని రాసి, ఆ ఫోల్డర్ ఆపేసి కూర్చుంటుంది. ఆ ఎర్ర అక్షరాలు చూసి విసుక్కుని, గుర్తును చేత్తో సృష్టించి "రిపేరు" చేసేవాళ్ళున్నారు! అయ్యా, ఆ పని చెయ్యకండి. ముందు డిస్కు లేచిందో లేదో చూడండి.

తెలుగు ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్ళకి రెండు మాటలు. 'హైదరాబాద్' అన్న పేరులో ఐత్వం ఉంది. యూనికోడ్‌లో దాన్ని ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, కింద ఐత్వపు ముక్క అని రెండుగానూ రాయొచ్చు. మన గుణింతంలో ఇలా విడిపోయేది అదొక్కటే. పాత మ్యాక్‌లు విడగొట్టి దాచేవి, విండోస్‌లో కలిపే ఉంటుంది. కంటికి ఒకే పేరు, కంప్యూటర్‌కి రెండు. మామూలు సాధనాలతో కాపీ చేస్తే ఒకే ఫోల్డర్ రెండుసార్లు కనిపించే పిశాచబాధ ఇక్కడిదే. సింక్‌థింగ్ ఆ తేడాను తనే సరిచేస్తుంది. రెండోది, పొడవు. 'నాన్నగారి' అన్న నాలుగక్షరాలు యూనికోడ్‌లో తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. మామూలుగా పేరుకి 255 బైట్ల దాకా చోటుంటుంది గానీ, సినాలజీలో ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డరైతే 143కే ఆగిపోతుంది. 'నాన్నగారి షష్టిపూర్తి' తర్వాత ఊరు, తేదీ, వచ్చిన చుట్టాల పేర్లు అన్నీ చేరిస్తే ఆ ఫైలు నాస్‌కి చేరదు.

ఇప్పుడు కడుపుమంట. "మూడు క్లిక్కుల్లో మీ సొంత క్లౌడ్" అంటూ అంటగట్టే పెట్టెలు చూస్తున్నాం. కంపెనీ సర్వర్ బతికున్నంతవరకే అవి బతుకుతాయి. కొన్నాళ్ళకి అప్‌డేట్లు ఆపేస్తారు, పెట్టె మాత్రం ఇంటర్నెట్‌కి తలుపు తెరుచుకుని అలాగే ఉంటుంది. 2021 జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ పెట్టెలు దూరం నుంచి వచ్చిన ఆదేశంతో తమను తామే ఖాళీ చేసుకున్నాయి. వాటికి 2015 తర్వాత అప్‌డేటే లేదు. 2022 జనవరిలో ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల మీద డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ పడి ఫైళ్ళకి తాళాలేసి డబ్బు అడిగింది. పోయినవి ఏమిటి? పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ గొంతులు. ఫోన్లలో 'సింక్' అని పేరు పెట్టుకుని ఫొటోను నలిపి చిన్నది చేసి, స్టోరేజీ నిండిందని నెలనెలా డబ్బు గుంజే సరుకు ఇంకోవైపు. పేరు మాత్రం అదే. సింక్‌థింగ్ వంటిదాన్నీ దాన్నీ ఒకే గాట కట్టి "ఏదైనా ఒకటే లెండి" అనే సలహాదారులకి దూరంగా ఉండండి.

మా పక్షం కూడా చిక్కిపోతోంది, అది ఇంకా బాధ. 2025 ఆగస్టులో వచ్చిన సింక్‌థింగ్ 2.0లో జరిగిన ముక్కల్ని వెతికే ట్రిడ్జెల్ బాణీ కిటికీ లెక్క తీసేశారు. ఆచరణలో ఉపయోగపడటం లేదన్నారు, నిజమే కావచ్చు, నాకు మాత్రం మనసు చివుక్కుమంది. అసలు దెబ్బ ఆండ్రాయిడ్ వైపు. అధికారిక సింక్‌థింగ్ ఆప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. ప్లే స్టోర్‌లో పెట్టడం గూగుల్ కష్టం చేసింది, చూసుకునే మనిషీ లేడు. సింక్‌థింగ్-ఫోర్క్ పేరుతో అభిమానులు దాన్ని మోస్తున్నారు. కొన్ని ఫోన్లు బ్యాటరీ పేరు చెప్పి దాన్ని వెనక చంపేస్తూనే ఉంటాయి.

హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఆండ్రాయిడ్ మీదే బతికే మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా. ఒక్కొక్కరు నెలకో ఆదివారం ఇస్తే ఆ ఫోర్క్‌కి ఎంత ఊపిరి! కోడ్ గిట్‌హబ్‌లో తెరిచే ఉంది, గో భాష చదవగలిగితే అసలు సింక్‌థింగ్‌దీ అక్కడే. ప్రోగ్రామింగ్ రాకపోతే మీ ఫోన్ మోడల్ రాసి, లాగ్ జతచేసి ఒక మంచి బగ్ రిపోర్టు పెట్టండి. తెలుగు పేర్ల ఫోల్డర్లతోనే పరీక్షించి పెట్టండి.