బండి బాటలో రాసిన పద్దు

1853 ఏప్రిల్‌లో ఎమీలియా స్టువర్ట్ నైట్ అనే ఇల్లాలు భర్తతో, ఏడుగురు పిల్లలతో అమెరికాలోని అయోవా నుంచి ఆరెగన్‌కు ఎద్దుబండ్ల మీద బయల్దేరింది. అయిదు నెలల ప్రయాణం. దారి పొడుగునా డైరీ రాసింది. వాన కురిసింది, గడ్డి బాగుంది, ఇన్ని మైళ్లు సాగాం, ఎద్దు చచ్చిపోయింది, ఇవాళ బట్టలుతికాను. పుటల కొద్దీ ఇదే వరస. సెప్టెంబరులో, ఇక గమ్యం దగ్గరపడిందనగా, ఒక్క ముక్క కనిపిస్తుంది: కొద్ది రోజులకు ఎనిమిదో బిడ్డ పుట్టింది. అంతకు ముందు ఎక్కడా తాను కడుపుతో ఉన్నట్టు రాసుకోలేదు. ఒంట్లో బాగాలేదని మాత్రం అక్కడక్కడా ఉంటుంది. లెక్కేసుకుంటే, బండెక్కేనాటికే మూడు నెలలు దాటి ఉండాలి.

మనకు అమెరికా పడమటి ప్రాంతమంటే 1971లో కృష్ణ గుర్రమెక్కిన సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’. తుపాకులు, టోపీలు, దుమ్ము. ఆ బాటన వెళ్లిన ఆడవాళ్లు రాసిన ఇలాంటి డైరీల్లో దుమ్ము తప్ప తక్కినవి తక్కువ. ఉన్నదంతా చాకిరీ. ప్లాట్ నది వెంట సాగే మైదానాల్లో చెట్లు తక్కువ, పొయ్యిలోకి పుల్ల దొరకదు. ఆడవాళ్లూ పిల్లలూ బండి పక్కన నడుస్తూ ఎండిన బైసన్ పేడ ఏరి గౌను మీది ముందుగుడ్డలో పోసుకునేవారు. పిడకలే, కాకపోతే గోడకు చరిచే పని లేదు. సాయంత్రం బిడారు ఆగగానే మగవాళ్లు ఎద్దులను విప్పి మేతకు తోలితే, ఆడవాళ్లు నేల మీద నిప్పు రాజేసి వంగి వండాలి. రొట్టె కాల్చేది మందపాటి ఇనప గిన్నెలో. కింద నిప్పులు, మూత మీదా నిప్పులు. గాలి ఎక్కువైతే ఒక పక్క మాడుతుంది, వాన పడితే ఆ పూట చల్లటి తిండే. పొద్దున పితికిన పాలలో మిగిలినవి గిన్నెలో పోసి బండికి వేలాడదీస్తే, గతుకుల కుదుపుకే సాయంత్రానికి వెన్న తేలేది. ఆ దారి వాళ్లకు ఊరికే చేసిపెట్టిన పని బహుశా ఇదొక్కటే.

ఉతుకుడు వేరే కథ. రోజూ నడిచే బిడారులో దానికి తీరిక ఎక్కడిది? ఎక్కడో ఒక పూట ఆగితే వారాల మురికి ఒక్కసారే మీద పడేది. కొన్నిచోట్ల నీళ్లు ఉప్పగా, చవుడుగా ఉండేవి. సబ్బు బూడిద క్షారంతో, కొవ్వుతో వండినది. ఇంటి దగ్గరైనా చేతులు పగిలే పని అది, ఇక ఏటి ఒడ్డున చెప్పేదేముంది. ‘ఇవాళ బట్టలుతికాను’ అన్న మూడు ముక్కల వెనక ఇంత ఉంది.

అంత పొడిగా ఎందుకు రాశారు? ఒక కారణం తెలుస్తూనే ఉంది. వెనకాల మరో ఏడాది బంధువులు రావచ్చు. వాళ్లకు పనికొచ్చేది నీళ్లెక్కడ, మేతెక్కడ, రేవెక్కడ అన్నదే. అలాగని దుఃఖం లేకపోలేదు, లెక్కలో కలిసిపోయింది. 1852లో అదే దారిన వెళ్లిన సిసీలియా ఆడమ్స్, పార్థీనియా బ్లాంక్ అనే కవల అక్కచెల్లెళ్లు దారిలో కనపడ్డ సమాధులను ఎప్పటికప్పుడు లెక్క రాశారు. కలరా ప్రబలిన సంవత్సరం అది. భయమూ అంతే. నైట్ కూతురు లూసీ ఒకరోజు ఏటి దగ్గరే ఉండిపోయింది. ఇంకో బండిలో ఉందనుకుని అందరూ కదిలారు. వెనక వచ్చే బిడారు వాళ్లు తెచ్చి అప్పగించేదాకా తెలియలేదు.

మా ఇంట్లో అమ్మ వంటింటి క్యాలెండరు మీద పాల లెక్క రాసేది. అర లీటరు ఎక్కువ, గ్యాసు వచ్చింది, పనిమనిషి రాలేదు. నాన్నకు ఆపరేషన్ అయిన వారం గళ్లన్నిటా ‘పాలు వద్దు’ అని మాత్రమే ఉంది. ఆసుపత్రి పేరు లేదు, భయం లేదు. ఇంట్లో ఎవరూ లేరని పాలవాడికి చెప్పినట్టే మాకూ చెప్పింది. నేను కూడా డైరీ రాస్తాను, మనసులో మాటలతో నింపుతాను. నిజం చెప్పాలంటే అమ్మ గళ్లే ఎక్కువ నమ్మదగినవి.

అయితే పొడి లెక్క దాచేదీ ఉంటుంది. నైట్ కుటుంబం చివరికి రెండు జతల ఎద్దులిచ్చి 320 ఎకరాలూ కిటికీల్లేని చిన్న కర్రల ఇల్లూ తీసుకుంది. 1850 నాటి ఆరెగన్ చట్టం ఆ కాలంలో వచ్చిన దంపతులకు ఇచ్చిన భూమి కూడా అంతే. అందులో సగం భార్య సొంతం. ఆ రోజులకు అది చిన్న విషయం కాదు. కానీ అక్కడ అప్పటికే ఉంటున్న మూలవాసుల నుంచి ఆ నేల చట్టబద్ధంగా తీసుకోకముందే ప్రభుత్వం పంచిపెట్టడం మొదలుపెట్టింది. ఆ పద్దు ఏ బండి డైరీలోనూ తేలదు, వేరేచోట వెతుక్కోవాలి.

లిలియన్ ష్లిసెల్ 1982లో ఇలాంటి డైరీలు కొన్నిటిని ఒక పుస్తకంగా తెచ్చారు. ఆయా కుటుంబాల్లో ఎవరో పారేయకుండా దాచబట్టే అవి ఆమెకు అందాయి. ఈ డిసెంబరులో క్యాలెండరు మార్చేటప్పుడు పాతదాన్ని పాత పేపర్ల వాడికి వేసేయకండి. అమ్మ రాసిన గళ్లున్న పుటలైనా చించి ఒక కవరులో పెట్టండి, పైన ఏ సంవత్సరమో రాయండి.