ఆగిన చోటే చూడాలి

మే నెల మధ్యాహ్నం సిద్దిపేట నుంచి హైదరాబాద్ బయల్దేరిన పాత మారుతి 800, రాజీవ్ రహదారి మీద కుకునూర్‌పల్లి దాకా బాగానే గుంజుతుంది. ప్రజ్ఞాపూర్ వచ్చేలోపు మిస్సింగ్ మొదలై, రెండు కుదుపులు పెట్టి, పికప్ పడిపోయి రోడ్డు పక్కన ఆగుతుంది. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అంటుకోదు. చెట్టు నీడన అరగంట నిలబెడితే మాత్రం ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. కార్బొరేటర్ బండి నడిపినవాళ్లలో ఈ అవస్థ పడనివారు తక్కువ.

అసలు చిక్కు షెడ్డులో మొదలవుతుంది. అక్కడికి చేరేసరికి బండి చల్లారి ఉంటుంది, మెకానిక్ ముందు ఏ వంకా లేకుండా తిరుగుతుంది. "పంపు వీకయిందన్నా, మార్చేద్దాం" అంటాడతను. పంపు మారుతుంది. తర్వాత కార్బొరేటర్ కిట్టు, ఆ తర్వాత కాయిలు. రోగం మాత్రం అలాగే ఉంటుంది. పరీక్షించకుండా సామాను మార్చడాన్ని రిపేరు అనడం కష్టం. అలాగని ఆ మెకానిక్‌ను నిందించడమూ న్యాయం కాదు. లోపం కనబడే సమయానికి అతను అక్కడ లేడు, ఉన్నది బండి నడిపినవాడే. అందుకే మొదటి పరీక్షలు రోడ్డు మీద, డ్రైవరు చేతుల్లోనే జరగాలి.

1983 డిసెంబరులో ఇందిరా గాంధీ చేతుల మీదుగా తొలి తాళాలు అందిన ఈ 796 సీసీ, మూడు సిలిండర్ల బండి 2014 జనవరి దాకా తయారైంది. 2000 ప్రాంతంలో పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చేదాకా దీనికి కార్బొరేటరే దిక్కు. సిద్దిపేట ఇంకా మెదక్ జిల్లాలో ఉన్ననాటి ఏపీ 23 నంబరు పలకతో కనిపించే పాత 800లో స్కానర్ తగిలించే చోటు ఉండదు. కన్ను, చెవి, ముక్కు పెట్టి వెతకాల్సిందే.

బండి ఆగగానే ముందు తేల్చాల్సింది ఒకటే: రానిది పెట్రోలా, కరెంటా? వేడెక్కితే మొరాయించే కాయిలు కూడా సరిగ్గా ఇవే లక్షణాలు చూపిస్తుంది. ఇంజిన్ ఆపి ఉంచి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ ఎక్సిలరేటర్ తీగను చేత్తో ఒక్కసారి లాగాలి. సన్నని పెట్రోల్ ధార చిమ్మితే కార్బొరేటర్ బౌల్లో పెట్రోల్ ఉన్నట్టే, అప్పుడు కాయిలు, పాయింట్ల వైపు తిరగాలి. ధార రాకపోతే వెనక్కి, ట్యాంకు దాకా పెట్రోల్ వచ్చే దారి పట్టాలి. నిమిషం పట్టే ఈ పరీక్ష తెలియక ఎందరో రెండు వైపులా డబ్బు పోస్తున్నారు.

పెట్రోల్ రావడం లేదని తేలితే తర్వాత తీయాల్సింది ట్యాంకు మూత. పెట్రోల్ తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. గాలి దారి దుమ్ముతో పూడితే లోపల వ్యాక్యూమ్ ఏర్పడి, పంపు ఎంత లాగినా పెట్రోల్ కదలదు. మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోయి, బండి కాసేపటికి స్టార్టయితే దొంగ దొరికినట్టే. ఆ చప్పుడు లేకపోతే పంపు మీద తడిగుడ్డ కప్పి చూడాలి. పాత అంబాసిడర్ డ్రైవర్ల చిట్కా ఇది. గుడ్డతో బండి కదిలితే వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై బుడగలు కట్టిందన్నమాట. ఇంజిన్ తిప్పే ఈ మెకానికల్ పంపు ముందుకు తోసేది మూడు నుంచి ఐదు పాయింట్ల (పీఎస్ఐ) ఒత్తిడితోనే. టైరులో మనం కొట్టించే గాలి ముప్ఫై పాయింట్లు. బుడగ అడ్డం పడితే అంత చిన్న పంపు ఏం చేస్తుంది!

మిగతాది ఇంజిన్ చల్లారాక షెడ్డులో చేయాలి. కాయిలు వైరు పీకేసి, కార్బొరేటర్‌కు వెళ్లే పైపును గాజు సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పెట్రోల్ విడతలు విడతలుగా గట్టిగా పడాలి. నీరసంగా పడితే పంపును తిట్టడానికి ముందు ఇంకో పని ఉంది. పంపు లాగే వైపు గొట్టాన్ని విడిగా పెట్రోల్ పోసిన సీసాలో ముంచి మళ్లీ చూడాలి. ఇప్పుడు గట్టిగా పడితే పంపు మంచిదే, లోపం వెనకనున్న ఫిల్టర్‌లోనో గొట్టంలోనో ట్యాంకులోనో ఉంది. చాలామందికి తట్టనిది గొట్టమే. తోసే వైపు పగిలితే పెట్రోల్ కారుతుంది, వాసన వస్తుంది. లాగే వైపు సన్నగా పగిలితే చుక్క కూడా కారకపోవచ్చు, అది గాలిని పీలుస్తుంది. పైకి అంతా పొడిగా, శుభ్రంగా కనబడుతుంది.

సీసాలో పట్టిన పెట్రోల్‌ను పారబోయకుండా కాసేపు కదపకుండా ఉంచితే తుప్పు, మడ్డి, నీళ్లు అడుగున చేరతాయి. కార్బొరేటర్‌లోని ఫ్లోట్, నీడిల్, జెట్ల జోలికి వెళ్లాల్సింది ఈ పరీక్షలన్నీ అయ్యాకే. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: గొట్టం నోట్లో పెట్టుకుని పెట్రోల్ పీల్చే అలవాటు మానేయాలి. ఊపిరితిత్తుల్లోకి కొంచెం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు గొట్టాల సంగతి మరింత ముదిరింది. 2025కల్లా మన పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. అది నీటి తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. కొత్తది కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే గొట్టమే అడిగి తీసుకోవాలి. విప్పిన పాతదాన్ని నిలువునా కోసి చూస్తే, పైన నిగనిగలాడుతున్నా లోపలి పొర పెచ్చులు లేచి ఉండొచ్చు. అలా ఉంటే ఫిల్టర్‌ను కూడా అదే రోజు మార్చేయాలి, ఊడిన పెచ్చులు అందులో చేరి ఉండొచ్చు.