ఆశ ఇద్దరికీ ఒకేరోజు పోదు

దక్షిణ ఆస్ట్రేలియా తీరానికి ఎదురుగా ఉన్న కంగారూ ఐలాండ్‌లో 2023 నవంబర్‌లో ఒక జంట వ్యాలరీ అనే పొట్టి డాక్స్‌హండ్ జాతి కుక్కను పోగొట్టుకుంది. సెలవులకు వచ్చి స్టోక్స్ బే దగ్గర మకాం వేశారు. వాళ్ళు చేపలు పట్టడానికి వెళ్ళినప్పుడు అది తనను ఉంచిన చిన్న కంచెలోంచి తప్పించుకుని పొదల్లోకి పారిపోయింది. దాని బరువు నాలుగు కిలోలు, అలవాటు సోఫా మీద పడక. కొన్ని రోజులు వెతికాక, ఉద్యోగాలున్నాయి కనుక, ఆ జంట న్యూ సౌత్ వేల్స్‌లోని ఇంటికి తిరిగి వెళ్ళింది. 529 రోజులు గడిచాక, 2025 ఏప్రిల్ 25న, కంగాలా అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థ వాలంటీర్లు దాన్ని బోనులో పట్టారు. అడవిలో చిక్కిపోవడం మాట అటుంచి, అది రెండు కిలోలకు కాస్త తక్కువగా బరువు పెరిగింది కూడా. లోకమంతా దీన్ని ఒక బుల్లి కుక్క మొండి ప్రాణం కథగా చెప్పుకుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మధ్యలోని ఆ తిరుగు ప్రయాణం. ఆ జంట ఇంటి సంగతి మనకు అక్కర్లేదు. ఏ ఇంట్లోనైనా సరే, వెతకడం ఆపి ఇంటిదారి ఎప్పుడు పట్టాలన్న దగ్గరే భార్యాభర్తలకు మాట తేడా వస్తుంది. కుక్క తప్పిపోతే కాపురంలో పుట్టే ఒత్తిడికి మూలం ప్రేమలో హెచ్చుతగ్గులు కాదు, ఇద్దరి ఆశకూ వేర్వేరు గడువులు ఉండడం అని నేననుకుంటాను. ఆ ఒత్తిడికి విరుగుడు కూడా ఓదార్పు మాటల్లో కంటే వెతికే పద్ధతిలోనే ఎక్కువగా ఉంది.

ఈ గడువుల తేడా ఎక్కడినుంచి వస్తుందో మహాభారతం చివర్లో ఒక చోట స్పష్టంగా కనిపిస్తుంది. మహాప్రస్థానంలో ద్రౌపది పడిపోయినప్పుడు ధర్మరాజు ఆగలేదు, తమ్ముళ్ళు ఒక్కొక్కరే కూలినా ఆగలేదు. వెంట వచ్చిన కుక్కను వదిలి రథమెక్కమంటే మాత్రం స్వర్గమే వద్దన్నాడు. కట్టుకున్న భార్యను వదిలినవాడివి, ఈ కుక్కను వదలలేవా అని ఇంద్రుడు నిలదీశాడు. దానికి ధర్మరాజు చెప్పిన జవాబు సూటిగా ఉంటుంది: వాళ్ళు చనిపోయారు, బతికించడం నా చేతిలో లేదు, బతికి ఉండగా ఎవరినీ వదల్లేదు, ఇది బతికి ఉంది, నన్ను నమ్ముకుని ఉంది. పోయినవాళ్ళ పట్ల ఒక ధర్మం, ఉన్నవాళ్ళ పట్ల మరొక ధర్మం. తప్పిపోయిన కుక్క ఈ రెండు గదుల్లో దేనిలోనూ ఇమడదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పాలిన్ బాస్ ఇలాంటి తేలని ఎడబాటు మీదే జీవితకాలం పనిచేశారు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండాపోయిన సైనికుల కుటుంబాలతో 1970లలో మొదలుపెట్టి, 1999లో ఆ విషయం మీద పుస్తకం తెచ్చారు. శవం ఉండదు, కర్మ ఉండదు, పరామర్శకు వచ్చేవాళ్ళు ఉండరు, అందుకే ఆ దుఃఖం ముందుకూ కదలదు, వెనక్కూ పోదు అన్నది ఆమె పరిశీలన సారం. అలాంటి కుటుంబాల్లో తగవు ఎలా పుడుతుందో కూడా ఆమె గమనించారు: ఒకరు పోయినట్టే లెక్క వేసుకుంటారు, ఇంకొకరు ఉన్నట్టే లెక్క వేసుకుంటారు. మొదటివారికి రెండోవారు పిచ్చివాళ్ళలా, రెండోవారికి మొదటివారు రాతిగుండెవాళ్ళలా కనిపిస్తారు. ఇద్దరూ తమకు తోచిన ధర్మమే పాటిస్తున్నారు. కానీ ఒకరు చావు ధర్మం, ఒకరు బతుకు ధర్మం.

యుద్ధంలో పోయిన మనిషికీ పెరట్లోంచి పోయిన కుక్కకూ పోలికేమిటని అడిగేవాళ్ళుంటారు. కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకుంటే పోయె అన్నది మన వైపు తరచుగా వినిపించే మాట. నష్టాల పరిమాణం ఒకటేనని నేననడం లేదు. అవి మనసులో పనిచేసే తీరు ఒకటేనంటున్నాను. పైగా ఆస్ట్రేలియాలో ఆ 'కుక్కే కదా' అన్న మాట చెల్లుబాటు కాదు. 2022లో యానిమల్ మెడిసిన్స్ ఆస్ట్రేలియా చేయించిన సర్వేలో 69 శాతం ఇళ్ళలో ఏదో ఒక పెంపుడు జంతువు ఉందని, దాదాపు సగం ఇళ్ళలో కుక్క ఉందని తేలింది. చట్టం కూడా కదిలింది. 2025 జూన్ 10 నుంచి అమలులోకి వచ్చిన కుటుంబ చట్ట సవరణ ప్రకారం, విడిపోయే జంట పెంపుడు జంతువు ఎవరికి చెందాలో తేల్చేటప్పుడు కోర్టు దాన్ని ఎవరు సాకారు, ఎవరికి ఎంత మమకారం, దాని మీద ఎవరైనా చెయ్యి చేసుకున్నారా అన్నవి చూడాలి. అయితే ఇద్దరికీ కలిపి ఇచ్చే వీలు లేదు. ఎవరో ఒకరికే దక్కుతుంది, లేదా అమ్మాలి. ఇక 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్ళు ఆ దేశంలో 60 వేలకు దగ్గర. అత్తమామలూ అమ్మానాన్నలూ సముద్రాల అవతల ఉండి, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో, సాయంత్రం తలుపు దగ్గర ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే కావచ్చు. అది పోయిన రోజు ఇండియాకి ఫోన్ చేస్తే 'కుక్కే కదా' అనే అంటారు. ఆ బాధ బయట ఎక్కడా చెల్లక, మొత్తం తిరిగొచ్చి ఆ ఇద్దరి మధ్యే పడుతుంది.

ఆ పడడం తరచుగా నింద రూపంలో ఉంటుంది. గేటు గడియ ఎవరు వెయ్యలేదు? ఈ ప్రశ్నకు జవాబుంటుంది, తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోవాలి కూడా. బాధ్యత తేలకుండా నమ్మకం తిరిగి రాదనే అభ్యంతరం న్యాయమైనదే. కానీ కుక్కలు పారిపోయే కారణాలు చూస్తే గడియ సగం కథే. ఉరుముకీ, టపాసులకీ బెదిరిన కుక్క మామూలు రోజుల్లో దాటని కంచెను దాటేస్తుంది. ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీలో జూలై 1న మాత్రం సామాన్యులు టపాసులు కొని కాల్చుకోవచ్చు. ఆ రాత్రి కుక్కలను లోపల ఉంచుకోమని ఏటా హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. అదే గడియ అంతకు ముందు వందసార్లు వెయ్యకపోయినా ఏమీ కాలేదు కనుక అది ఎవరి కంటా తప్పుగా పడలేదు. ఫలితం చూశాక తప్పు పెద్దదవుతుంది. దంపతుల మాటతీరును ఏళ్ళ తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్, జరిగిన పనిని ఎత్తిచూపడానికీ మనిషి గుణాన్ని ఎత్తిపొడవడానికీ మధ్య గీత గీశారు. 'నిన్న గేటు తెరిచి ఉంది' అన్నది మొదటిది, 'నీకెప్పుడూ ఏదీ పట్టదు' అన్నది రెండోది. మొదటిదాన్ని ఒక్కసారి చెప్పి, ఒప్పుకుని, గడియ మార్పించవచ్చు. రెండోదానికి మరమ్మతు లేదు. పైగా నింద మోస్తున్న మనిషి ఇక కుక్క కోసం వెతకడు, క్షమాపణ కోసం వెతుకుతాడు. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని వీధులు తిరగడం ప్రాయశ్చిత్తంగా బాగానే ఉంటుంది, పనిగా దానివల్ల ఒరిగేది తక్కువ.

పనికొచ్చే వెతుకులాట ఎలా ఉంటుందో లెక్కలు చెబుతున్నాయి. అమెరికాలో జంతుసంక్షేమ సంస్థ ఏఎస్‌పీసీఏ 2012లో వెలువరించిన సర్వేలో, తప్పిపోయిన కుక్కల్లో 93 శాతం తిరిగి దొరికాయి. వాటిలో సగం చుట్టుపక్కల వెతికితే దొరికినవి. మెడబిళ్ళ, మైక్రోచిప్ వల్ల ఇల్లు చేరినవి 15 శాతం. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లోని జంతుసంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ షెల్టర్లకు వచ్చిన జంతువుల మీద 2015లో అచ్చయిన అధ్యయనం, చిప్ ఉన్నవాటిలో 37 శాతానికి వివరాలు సరిగా లేవని చూపింది: పాత యజమాని పేరు, మారిన ఫోన్ నంబరు, అసలు నమోదే కాని చిప్. అదే దేశంలోని విక్టోరియాలో పౌండ్‌కు, అంటే దారితప్పిన జంతువులను ఉంచే చోటుకు, చేరిన కుక్కను ఎనిమిది రోజులు ఉంచుతారు, తర్వాత అది ఇంకొకరికి వెళ్ళవచ్చు. కనుక ఒకరు వీధిలో ఉండాలి, ఒకరు ఫోన్ దగ్గర, కౌన్సిల్ కార్యాలయంలో, పౌండ్‌లో, వెట్ల దగ్గర ఉండాలి. చిప్ రికార్డు సరిచేయడం కన్నీళ్ళు పెట్టుకున్నంత ప్రేమగా కనిపించదు, కానీ కుక్కను ఇంటికి చేర్చగలిగేది అదే కావచ్చు. 'నువ్వు నాలా తిరగడం లేదు' అని ఒకరు ఇంకొకర్ని అనే ఇంట్లో ఈ రెండో సగం పని జరగకుండా పోతుంది. వ్యాలరీ విషయంలో నెగ్గింది కూడా ఈ నిదానమే. మనుషుల్ని చూస్తే, కారు చప్పుడు వింటే అది పరుగెత్తేది. భయంలో ఉన్న కుక్క యజమానికి కూడా అందదు, వెంటపడితే ఇంకా దూరమవుతుంది. అందుకే వాలంటీర్లు కెమెరాలు పెట్టి, అది తిరిగే వేళలు చూసుకుని, తిండి ఉంచి, యజమానురాలి టీషర్టు చింపి ఆ పేలికలతో బోనుదాకా వాసన దారి వేశారు. వెయ్యి గంటలకు పైగా పనిచేశారు, ఐదు వేల కిలోమీటర్లకు పైగా తిరిగారు. ఇంటికి వెళ్ళిపోయిన మనిషి పంపిన పాత చొక్కా ఆ పొదల్లో కేకలకన్నా ఎక్కువ పనిచేసింది.

ఇక్కడ నా వాదనకు గట్టి అభ్యంతరం వ్యాలరీయే. వెతకడానికి ఇద్దరూ కలిసి ఒక గడువు పెట్టుకోవాలి అనబోతున్నాను. 529 రోజుల తర్వాత దొరికిన కుక్క గడువులన్నిటినీ వెక్కిరిస్తోంది కదా. రెండు మాటలు చెప్పాలి. మొదటిది, దొరికిన కుక్కల కథలే పత్రికలకెక్కుతాయి. దొరకని కుక్కలకు వార్త లేదు. ఒక్క అద్భుతాన్ని కొలతగా పెట్టుకుంటే, వెతకడం ఆపిన ప్రతి మనిషీ ద్రోహి అవుతాడు. రెండోది, గడువు అంటే ఆశకు గడువు కాదు, ఒక రకం పనికి గడువు. మూడు వారాలు కాళ్ళతో తిరిగే వెతుకులాట, ఆ తర్వాత నెలకోసారి పౌండ్లకు ఫోన్లు, చిప్‌లో 'తప్పిపోయింది' అన్న నమోదు, ఎవరికైనా కనిపించిందన్న కబురొస్తే వెంటనే కదలడం. అంకె ఇంటిని బట్టి మారవచ్చు. ఇద్దరూ కూర్చుని ముందే అనుకున్నది అయి ఉండడం ముఖ్యం. వ్యాలరీ ఇంటివాళ్ళు ద్వీపం విడిచినా జాడ తెలిపే దారులు మూసుకోలేదు; కనిపించిందన్న కబుర్లే వాలంటీర్లను కదిలించాయి. గడువు లేని ఇంట్లో జరిగేది వేరు. ఒకరు ఏ రోజుకారోజు మౌనంగా వెనక్కి తగ్గుతారు, రెండోవారు దాన్ని కనిపెట్టి లెక్క కడతారు. తిండిగిన్నె తీసి లోపల పెట్టడం కూడా దొంగతనంలా చెయ్యాల్సి వస్తుంది.

పగుళ్ళు ముందే ఉన్న కాపురాన్ని కుక్క బయటపెట్టిందంతే, పద్ధతులు ఏం బాగుచేస్తాయి అని ఇంకొందరంటారు. కొన్ని ఇళ్ళలో అది నిజం, అక్కడ కుక్క దొరికినా తగవు దొరుకుతూనే ఉంటుంది. కానీ బాస్ చూసిన కుటుంబాల్లో గట్టి సంబంధాలు కూడా ఇదే ఒత్తిడికి వంగాయి. తేలని స్థితే ఆ బరువు పెట్టింది. ఆమె చెప్పిన ఉపాయం, రెండు లెక్కల్లో ఏదో ఒకటి ఎంచుకోమని ఎవరినీ బలవంతపెట్టకపోవడం. అది పోయి ఉండవచ్చు, బతికీ ఉండవచ్చు, రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో కూడా ఉండనివ్వాలి. ఇది వేదాంతంలా వినిపిస్తుంది, ఆచరణలో మాత్రం చాలా మామూలు పనులు. చిప్ రికార్డులో వీలైతే ఇద్దరి నంబర్లూ ఉంచడం, వెతికే పనిని ఎవరికి చేతనైనది వాళ్ళకు పంచడం, గేటు మాట ఒక్కసారే మాట్లాడి ముగించడం, పని మార్చే తేదీ రాసుకోవడం. చట్టం కుక్కను ఒక్కరికే ఇవ్వగలదు కానీ, అది తిరిగి రాదేమోనన్న దిగులు ఇద్దరిదీ. రాసుకున్న ఆ తేదీ వచ్చిన రోజున కుక్క ఉందో లేదో తేల్చాల్సిన అవసరం భార్యాభర్తలకు లేదు. తేలకుండానే కలిసి ఎలా ఉండాలో మాట్లాడుకుంటే చాలు, ఆ రోజుకు ఇద్దరి చేతిలోనూ ఉన్న పని అదొక్కటే.