ఉప్పు ఋణం, పాల ఋణం: కర్ణుని నుండి జన్యునిర్మిత బాలల వరకు - తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రయోగశాలలో రూపొందిన బాలబాలికలు తమను సృష్టించినవారిని కాదని, తమను చేరదీసినవారి పక్షాన నిలబడటం సమకాలీన విజ్ఞానకల్పనా కథలలో తరచుగా కనిపించే ఇతివృత్తం. మహాభారతంలోని కర్ణుని కథలో దీనికి అతి సమీపమైన సన్నివేశం ఉంది. కర్ణుని విధేయతను దుర్యోధనునికి చెల్లించిన ఋణంగానే చూడటం తెలుగునాట బాగా స్థిరపడింది. ఉద్యోగపర్వంలో కర్ణుడు ముందుగా చెప్పుకొన్నది రాధ పెంపకాన్ని. ఈ రెండు విధేయతలను వేరుచేసి చూడటం, ఆ భేదం ఆధారంగా నేటి జన్యుసృష్టి కథలను పరీక్షించటం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కర్ణుడు, రాధ, విధేయత, చేరదీసిన కుటుంబం, జన్యుసృష్టి, విజ్ఞానకల్పన.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు మొదలైనవారి కృషితో 1901 సెప్టెంబరు 1న ఏర్పడిన ఈ గ్రంథాలయం, ఉర్దూ అధికారభాషగా ఉన్న సంస్థానంలో తెలుగు చదువరికి తన భాషలో చదువుకొనే చోటు కల్పించింది. అక్కడి నుండి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే ఆబిడ్స్ ఉంది. ఆదివారం నాడు ఆ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆంగ్ల నవలలు, బొమ్మల కథల పుస్తకాలు అక్కడ తక్కువ ధరకు దొరుకుతాయి. ఈ ప్రాంతంలో చదువుకొనే విద్యార్థి ఒకవైపు కవిత్రయ భారతాన్ని, మరొకవైపు ప్రయోగశాలలో పుట్టిన పిల్లల కథలను చదవటంలో వింత ఏమీ లేదు. ఆ ఇద్దరు బాలురను, అంటే పెట్టెలో కొట్టుకొని వచ్చినవానిని, ప్రయోగశాల నుండి తప్పించుకొని వచ్చినవానిని, పక్కపక్కన నిలిపితే ఏమి తెలుస్తుందన్నది ఇక్కడి ప్రశ్న.

ముందుగా ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. కర్ణజన్మ ప్రాచీన జన్యుశాస్త్రానికి నిదర్శనమన్న మాట బహిరంగ వేదికల మీద వినిపించింది. కర్ణుడు తల్లి గర్భం వెలుపల పుట్టాడన్నది దానికి చూపే ఆధారం. మూలం అలా చెప్పలేదు. అరణ్యపర్వంలో కుంతి గర్భం ధరించి, దానిని ఇతరులకు తెలియకుండా దాచి, దాది సహాయంతో ప్రసవించింది. కాబట్టి ఈ వ్యాసంలోని పోలిక విజ్ఞానశాస్త్రానికి సంబంధించినది కాదు. పుట్టుకతోనే ఒక ప్రత్యేక దేహాన్ని పొంది, పుట్టించినవారికి దూరమై, మరొకరి ఇంట పెరిగిన బిడ్డ ఎవరికి కట్టుబడాలన్న నైతిక సమస్యకు మాత్రమే ఈ పోలిక పరిమితం.

2. ప్రత్యేక దేహం - దానిని కోరేవారు:

కర్ణుడు సహజ కవచకుండలాలతో పుట్టాడు. ఆ దేహవిశేషమే అతని కథను నడిపింది. అర్జునుని క్షేమం కోరిన ఇంద్రుడు బ్రాహ్మణవేషంలో వచ్చి వాటిని యాచించాడు. సూర్యుడు కలలో ముందే హెచ్చరించినా కర్ణుడు వాటిని కోసి ఇచ్చి, బదులుగా ఒక్కసారే పనికివచ్చే శక్తిని స్వీకరించాడు. తెలుగులో ఈ కథాభాగాలు ముగ్గురు కవుల చేతుల మీదుగా సాగాయి. కుమారాస్త్ర విద్యాప్రదర్శన నన్నయ ఆదిపర్వంలోను, కుండలాహరణం ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలోను, కృష్ణ కర్ణ సంవాదం తిక్కన ఉద్యోగపర్వంలోను ఉన్నాయి.

జన్యుసృష్టి కథలలోనూ బిడ్డ దేహం ఇతరుల అవసరానికి వస్తువవుతుంది. 2021 నుండి 2024 వరకు మూడు భాగాలుగా ప్రసారమైన ‘స్టార్ వార్స్: ది బ్యాడ్ బ్యాచ్’ అనే యానిమేషన్ ధారావాహికలో ఒమేగా అనే బాలిక ఒక యోధుని జన్యువుల నుండి రూపొందిన క్లోన్. అదే మూలం నుండి తయారై, సైన్యంలో లోపభూయిష్టులుగా ముద్రపడిన సైనికుల చిన్న దళం ఆమెను తమతో తీసుకొనిపోతుంది. బాల్యం నుండి కౌమారం వైపు ఆమె వారి మధ్యనే ఎదుగుతుంది. ఆమె రక్తంలోని ప్రత్యేక గుణం కోసం సామ్రాజ్యపు శాస్త్రజ్ఞులు ఆమెను వెంటాడతారు. 2017లో వచ్చిన ‘లోగన్’ చలనచిత్రంలో లారా అనే బాలికను ఒక సంస్థ మరొకరి జన్యువులతో ఆయుధంగా తయారుచేస్తుంది. ఇంద్రుడు అడిగి తీసుకొన్నాడు, వీరు బలవంతంగా తీసుకోజూస్తారు. ఇద్దరికీ కావలసినది బిడ్డ కాదు, బిడ్డ దేహంలోని విశేషం.

3. రాధ ఇచ్చినది, దుర్యోధనుడు ఇచ్చినది:

తెలుగులో విధేయతను చెప్పటానికి రెండు నుడికారాలు ఉన్నాయి. ఒకటి ‘ఉప్పు తిన్న విశ్వాసం’, రెండవది ‘పెంచిన మమకారం’. మొదటిది యజమానికీ సేవకునికీ మధ్య ఉండేది. పొందినదానికి బదులు తీర్చటం అందులో ధర్మం. రెండవది లెక్క తేలనిది. పాల ఋణం తీరదని లోకం అనటం అందుకే. కర్ణుని జీవితంలో ఈ రెండూ ఉన్నాయి. విమర్శలోను, నాటక చలనచిత్రాలలోను మొదటిదానికే పెద్దపీట వేశారు. 1977లో ఎన్.టి. రామారావు దర్శకత్వంలో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఆయనే కర్ణ, సుయోధన, శ్రీకృష్ణ పాత్రలు ధరించారు. ఆ చిత్రానికి కర్ణ సుయోధనుల మైత్రే వెన్నెముక. కొండవీటి వేంకటకవి సంభాషణలలో కులప్రశ్నను ఎదిరించే సుయోధనుని గొంతు ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచిపోయింది. ఆ వెలుగులో రాధ మసకబారింది.

మూలాన్ని చూస్తే క్రమం వేరు. కురుపాండవ సంధి విఫలమైన తరువాత కృష్ణుడు కర్ణుని రథం మీద ఎక్కించుకొని జన్మరహస్యం చెప్పి, జ్యేష్ఠునిగా రాజ్యం స్వీకరించుమంటాడు. వ్యాసభారతంలో కర్ణుని సమాధానంలో అతని విధేయతకు కారణాలు అధిరథుడు తనను ఇంటికి తెచ్చిన ఘట్టంతో మొదలవుతాయి. తనను చూచి రాధకు పాలు చేపాయనీ, తన మలమూత్రాలను ఆమె ఎత్తిపోసిందనీ, అధిరథుడు జాతకర్మ చేయించి పేరు పెట్టించాడనీ, పెళ్లిళ్లు చేశాడనీ చెబుతాడు. భూమండలమంతా ఇచ్చినా, బంగారు రాశులు పోసినా, సంతోషంతో గాని భయంతో గాని ఆ బంధాన్ని తెంచలేనంటాడు. దుర్యోధనుని ఆశ్రయంలో అనుభవించిన రాజ్యం, తనను నమ్మి అతడు యుద్ధానికి సిద్ధపడటం ఆ తరువాతి మాటలు. కుంతి గంగ ఒడ్డున కలిసినప్పుడు కూడా అతడు రాధ కుమారునిగా, అధిరథుని కుమారునిగా తనను చెప్పుకొనే నమస్కరిస్తాడు. అప్పటికి నిజం తెలిసి కూడా ఆ పేరుతోనే పరిచయం చేసుకోవటం గమనింపదగినది.

ఈ క్రమం యాదృచ్ఛికం కాదనటానికి ఆదిపర్వం తోడ్పడుతుంది. అంగరాజ్యాభిషేకం జరిగిన క్షణంలో అధిరథుడు వణుకుతూ, కర్ర పట్టుకొని రంగంలోకి వస్తాడు. కర్ణుడు విల్లు దించి, అభిషేకజలంతో తడిసిన తలను అతని పాదాలకు వంచుతాడు. రాజుగా గుర్తింపు పొందిన మరుక్షణమే సూతపుత్రునిగా తనను తాను బయటపెట్టుకొంటాడు. భీముడు అవమానించటానికి ఆ నమస్కారమే కారణమైంది. దానిని దాచుకొని ఉంటే కర్ణునికి లాభమే.

దుర్యోధనుని విషయంలో న్యాయంగా మాట్లాడాలి. రాజ్యానికి బదులుగా అతడు కోరినది స్నేహమే. కాని ఆ స్నేహం పుట్టిన సమయం ఏది? అర్జునునికి దీటైన విలుకాడు రంగం మీద కనిపించిన సమయం. కర్ణుడు లభించటంతో అర్జునుని గూర్చిన భయం దుర్యోధనునికి తొలగిందని ఆదిపర్వమే చెబుతుంది. రాధకు కూడా పెట్టెలో కవచకుండలాలు కనిపించాయి. ఆమెకు కావలసినది కవచం కాదు. సంతానం లేని ఆమెకు బిడ్డ కావాలి. తరువాత ఆమెకు సొంత కుమారులు పుట్టినా కర్ణుడు పెద్దకొడుకుగానే మిగిలాడు.

4. ఒక కొలత:

పై పరిశీలన నుండి ఒక కొలత లభిస్తుంది. బిడ్డకు ఉన్న ప్రత్యేకశక్తి లేకపోయినా ఆ ఇంట అతనికి చోటు ఉండేదా? ఉండేదన్నచోట ఉన్నది కుటుంబం. ఉండేది కాదన్నచోట ఉన్నది, ఎంత ఆదరం చూపినా, కొలువు మాత్రమే.

‘బ్యాడ్ బ్యాచ్’ ఈ కొలతకు నిలుస్తుంది. సైనికుల మెదళ్లలో ఆజ్ఞాపాలన కోసం చిప్‌లు అమర్చి ఉంటాయి. దళంలో క్రాస్‌హెయిర్‌పై ఆ చిప్ పనిచేసి అతడు సోదరులకు ఎదురు తిరుగుతాడు. చిప్ తొలగిన తరువాత కూడా తన ఇష్టంతోనే సామ్రాజ్యం పక్షాన ఉన్నానంటాడు. విధేయత అంతా జన్యువులలోనో యంత్రంలోనో లేదని, ఉప్పు తిన్న విశ్వాసం మనసులోనూ పాతుకొంటుందని ఈ పాత్ర చూపుతుంది. అతనిని తిరిగి తెచ్చుకోవటంలో ఒమేగా పాత్ర పెద్దది. కథ చివర పెద్దదైన ఒమేగా తిరుగుబాటుదారులతో చేరటానికి వెళ్లిపోతుంటే ఆమెను పెంచినవారు ఆపరు. విడిచిపెట్టగలగటం పెంచిన మమకారానికి గుర్తు.

కజువో ఇషిగురో 2005లో ప్రచురించిన ‘నెవర్ లెట్ మీ గో’ నవల ఇదే ప్రశ్నను తలక్రిందులు చేస్తుంది. అవయవదానం కోసం సృష్టించిన క్లోన్ బాలబాలికలు హెయిల్‌షామ్ అనే విద్యాలయంలో పెరుగుతారు. సంరక్షకులు దయగలవారే. చిత్రలేఖనం, కవిత్వం నేర్పుతారు. ఆ పిల్లలు కూడా ఆ చోటును జీవితాంతం ప్రేమిస్తారు, పారిపోవాలని తలచరు. అయినా ఆ పెంపకం వారి దేహాలను అప్పగించటానికే సాగింది. కాబట్టి పెంచినవారి పట్ల విధేయత దానంతట అదే గొప్ప విలువ కాదు. పెంపకం దేనికోసం జరిగిందన్నది అడగక తప్పదు.

ఇదే ప్రశ్నను తెలుగు చలనచిత్రానికి వేయవచ్చు. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏ.డి.’లో గర్భిణులను ప్రయోగాలకు వాడుకొనే ‘కాంప్లెక్స్’ ఉంది. అక్కడి స్త్రీకి సంఖ్యతో కూడిన గుర్తే పేరు. తప్పించుకొన్నాక ఆ గుర్తు ‘సుమతి’ అనే పేరుగా మారుతుంది. శంబల ప్రజలు ఆమెను ప్రాణాలకు తెగించి కాపాడతారు. అయితే వారు ఎదురుచూస్తున్నది ఆమె కడుపులోని బిడ్డ కోసం. ఆ గర్భం సాధారణమైనదైతే శంబలలో ఆమెకు ఏ స్థానం ఉండేది? చిత్రం ఈ ప్రశ్నను తాకి వదిలివేసింది. అదే చిత్రం తన నాయకుని కర్ణునితో ముడిపెట్టటం వలన ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది.

5. ఆధునిక కథల సౌలభ్యం - భారతం కఠినత్వం:

జన్యుసృష్టి కథలలో ఎంపిక సాధారణంగా తేలిక. సృష్టించినవాడు దుర్మార్గుడు, చేరదీసినవాడు స్నేహశీలి. బాలిక ఏ వైపు నిలవాలో పాఠకునికి ముందే తెలుసు. కర్ణునికి ఆ వెసులుబాటు లేదు. కృష్ణుడు పిలిచిన వైపు ధర్మం ఉందని అతనికి తెలుసు. ఈ రహస్యాన్ని ధర్మరాజుకు చెప్పవద్దనీ, తెలిస్తే అతడు రాజ్యం తనకిస్తాడనీ, తాను దానిని దుర్యోధనునికి ఇస్తాననీ కృష్ణునితో అనటంలో ఆ ఎరుక ఉంది. రాధ కొడుకుగా మిగలాలంటే యుద్ధం చేయనక్కరలేదు. సూతుని ఇంటికి తిరిగి వెళితే చాలు. పాండవులతో చేరకపోవటానికి రాధ పాలు కారణమయ్యాయి, పాండవులతో పోరాడటానికి దుర్యోధనుని ఉప్పు కారణమైంది. ఒక ఋణాన్ని మరొక ఋణం తన పనికి వాడుకొంది. అతని విషాదం అక్కడ ఉంది. ఈ రెండింటినీ ఒకే విధేయతగా చదివే విమర్శ దానిని కనిపెట్టలేదు.

దీనిపై ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. కర్ణుడు రాధను ముందు చెప్పటం కేవలం కాలక్రమం కావచ్చు. బాల్యం ముందు, రాజ్యం తరువాత. ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. కాని భూమినీ బంగారాన్నీ తిరస్కరించే మాట పెంపకం ప్రస్తావన ముగిసిన చోటనే వచ్చింది, దుర్యోధనుని ప్రస్తావన తరువాత రాలేదు. కాలక్రమమొక్కటే అయితే ఆ మాట చివరకు రావలసినది.

6. ముగింపు:

2018 నవంబరులో చైనా శాస్త్రజ్ఞుడు హే జియాన్‌క్వీ జన్యుసవరణ చేసిన కవల బాలికలు పుట్టారని ప్రకటించాడు. మరుసటి సంవత్సరం అక్కడి న్యాయస్థానం అతనికి మూడేళ్ల జైలుశిక్ష విధించింది. ఆ బాలికలు త్వరలో కౌమారంలో అడుగుపెడతారు. కాబట్టి ఈ చర్చ ఇక కథలకే పరిమితం కాదు. అటువంటి బిడ్డను లోకం ఏ కళ్లతో చూస్తుందన్న ప్రశ్నకు సాహిత్య విద్యార్థి చేయగల సహాయం కొంత ఉంది. అది రాధ చూపును, ఇంద్రుని చూపును వేరుచేసి చూపటం. ఒకే పెట్టెలో, ఒకే బిడ్డ ఒంటి మీద రాధ శిశువును చూచింది, ఇంద్రుడు కవచాన్ని చూచాడు. తెలుగు విమర్శ కర్ణుని దానాన్ని, స్నేహాన్ని విస్తారంగా చర్చించింది. అతనికి స్తన్యమిచ్చి, మలమూత్రాలెత్తి పెంచిన సూతస్త్రీని గూర్చి జరగవలసిన పరిశోధన ఇంకా ఉంది. కవిత్రయ భారతంలో రాధ ప్రస్తావనలను వ్యాసమూలంతో సరిపోల్చి చూడటం అందుకు తొలిమెట్టు కాగలదు.